నెత్తురు పట్టే చిమ్మిలి

మనిషి ఒంట్లోంచి సంచీడు నెత్తురు తీసి, దాన్ని ఎవరికీ ఎక్కించకుండా పారేస్తారంటే నమ్ముతారా? లక్ష్మణమ్మ కూడా నమ్మేది కాదు. శ్రీకాకుళంలో డాక్టర్ ఝాన్సీ ఆసుపత్రిలో మొగుడి మంచం పక్కన నిలబడి, గొట్టంలో నెత్తురు దిగడం కళ్ళారా చూసింది కాబట్టి నమ్మక తప్పలేదు. ఆ నెత్తురు ఎర్రగా లేదు, నేరేడు పండు రంగులో ఉంది. జారడం లేదు, కాళ్ళీడ్చుకుంటూ నడుస్తోంది. సంచి నిండాక నర్సు గొట్టానికి ముడేసి, మూలనున్న పసుపురంగు బకెట్లో దభీమని పడేసింది.

"అదేటమ్మా, పారేత్తన్నావు? మా పేటలో ఆడగుంటలు ఎనిమిది పాయింట్ల నెత్తురుతో కళ్ళు తిరిగి పడిపోతన్నారు. ఆళ్ళకెక్కించకూడదేటి?"

"జబ్బు నెత్తురు పిన్నీ. ఎవరికీ పనికిరాదు" అంది నర్సు, చేతి తొడుగులు ఊడదీస్తూ.

జబ్బుదైనా నెత్తురు నెత్తురే కదా అనుకుంది లక్ష్మణమ్మ. బకెట్లోకి తొంగి చూసింది. ఆ సంచి ఇంకా వెచ్చగానే ఉండి ఉంటుందని తోచింది. భయం అక్కడ మొదలైంది. తెలివైనవాళ్ళ భయం ప్రశ్నలు అడుగుతుంది. లక్ష్మణమ్మ భయం నోరుమూసుకుని ఇంటికి వచ్చి రోకలి పట్టుకుంది. వచ్చిన చిక్కంతా అదే.

ఆమె మొగుడు అసిరయ్యకి యాభై రెండేళ్ళు. కళింగపట్నానికి దిగువనున్న నడిమిపేటలో అన్న అప్పలసూరితో కలిసి పడవ మీద ఏటకెళ్తాడు. ఏట అంటే సముద్రం మీద చేపల వేట, ఆ పేటలో వేరే వేట లేదు. మొహం ఎప్పుడూ ఎర్రగా కందినట్టుండేది, ఎండకి తిరిగే మనిషి కదా అనుకున్నారు. తలనొప్పంటే లక్ష్మణమ్మ అమృతాంజనం రాసింది. అరికాళ్ళు మంటలంటే గోరింటాకు పెట్టింది. స్నానం చేసి వచ్చాక ఒళ్ళంతా చీమలు పాకినట్టు దురదంటే మాత్రం, సముద్రంలో మునిగేవాడికి బావి నీళ్ళు పడవా అని వేళాకోళం చేసింది. చివరికి సంక్రాంతి వెళ్ళిన నెలలో చూపు మసకబారిందని ఆసుపత్రికి పోతే, పరీక్షలు విశాఖపట్నం దాకా వెళ్ళొచ్చి, అతని నెత్తురు పందొమ్మిది పాయింట్లని తేలింది.

ఆ మాట విని లక్ష్మణమ్మ మొదట పొంగిపోయింది. కుళాయి దగ్గర బిందె నిండే లోపల నలుగురికి చెప్పేసింది. "మా ఇంటాయనకి పందొమ్మిదట. మీలో ఏ ఇద్దరి మొగుల్ల నెత్తురు కలిపినా అంతుండదు" అంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, తక్కువైతేనే గాని ఎక్కువైతే జబ్బేమిటని అందరూ నవ్వుకున్నారు.

డాక్టర్ ఝాన్సీ నవ్వలేదు. రాజాంలో బాప్టిస్టు చర్చి పక్కనే పుట్టి పెరిగిన మనిషి. పెద్ద చదువులు చదివినా పేటవాళ్ళతో పేట మాటే మాట్లాడుతుంది. అర్థమవడం కోసం వాళ్ళ దేవుడి గుడిని వాడుకోవడానికి కూడా మొహమాటపడదు.

"లక్ష్మణమ్మా, రథసప్తమికి అరసవల్లి ఎల్తావా?"

"ఎల్లకేటమ్మా, ఏటేటా ఎల్తాం."

"క్యూలైనులో గేటు సన్నంగా ఉంటాది కదా. ఒక్కో మనిషి ఒళ్ళు పక్కకి తిప్పుకుని దూరిపోతాడు. జనం తగుమాత్రంగా ఉంటే లైను నడుస్తాది. ఆ గేటు కాడికే పదివేలమంది ఒక్కసారి వచ్చి పడితే?"

"ఊపిరాడదు. ఎక్కడోల్లక్కడే ఇరుక్కుపోతారు."

"నెత్తుర్లో ఎర్ర కణాలూ అంతే. అవి మెత్తగా ఉంటాయి. ఎంట్రుకకన్నా సన్న నరంలో కూడా మడత పడి మరీ దూరిపోతాయి. గానీ మీ ఆయన ఎముకల్లో మూలుగ ఆగకుండా కణాల్ని పుట్టించేస్తన్నాది. గుంపెక్కువై నెత్తురు చిక్కబడిపోనాది. చిక్కటి నెత్తురు బేగి నడవదు. ఏ మెదడు నరంలోనో ఆగిపోయి గడ్డ కట్టిందనుకో, మాట పడిపోతాది, చెయ్యి పడిపోతాది. మనిషే పోవచ్చు."

అందుకని మూడు వారాలకోసారి ఒక సంచి నెత్తురు తీస్తానంది. నెత్తురు గడ్డ కట్టకుండా రోజుకో చిన్న ఆస్పిరిన్ మాత్ర రాసింది. నీళ్ళు బాగా తాగమంది. బలం మందులు, టానిక్కులు ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పింది. లక్ష్మణమ్మ తలూపింది. తలూపినంత సులువా వినడం? ఆమె చెవుల్లో మిగిలింది ఒక్కటే, మనిషే పోవచ్చు అన్న మాట.

మూడోసారి నెత్తురు తీశాక, అసిరయ్య ఒడ్డున వల లాగుతూ లాగుతూ ఇసకలో కూలబడ్డాడు. రెండు నిమిషాలు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని మళ్ళీ లేచాడు. అంతే జరిగింది. అప్పలసూరి అది చూసి, "ఏట్రా తమ్ముడూ, ఆడోల్లకి మల్లే నీకూ నెల నెలా వచ్చీసినాదేటి?" అని ఎగతాళి చేశాడు. వలకాడ అందరూ పడీ పడీ నవ్వారు. అసిరయ్యా నవ్వాడు. చేపల తట్ట పట్టుకుని నిలబడ్డ లక్ష్మణమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక, ఆ మాటలో ఎగతాళి పోయి నిజం మిగిలింది.

నెల నెలా నెత్తురు పోయేవాళ్ళకి ఏం పెడతారు? పెద్దమనిషైన పిల్లకి ఏం పెడతారు? పురిటి మంచం దిగిన తల్లికి ఏం పెడతారు? చిమ్మిలి. నువ్వులు దోరగా వేయించి, బెల్లమేసి, నూనె కారేదాకా రోట్లో దంచి, ఉండ చేసి పెడతారు. పోయిన నెత్తురు తిరిగి పడుతుంది. ఆమెకి ఆమె తల్లి పెట్టింది, తల్లికి అమ్మమ్మ పెట్టింది. డాక్టరమ్మ వద్దన్నది మందులు గాని తిండి కాదు కదా? ఇలా తనకి తానే వకీలై వాదించుకుని, తానే జడ్జీ అయి తీర్పు చెప్పుకుని, లక్ష్మణమ్మ నువ్వులు వేయించింది.

అంతటితో ఆగి ఉంటే పెద్ద ప్రమాదం ఉండేది కాదు. కూతురు ఉష ఆరో నెలతో పుట్టింటికి వచ్చి ఉంది. ఆశా వర్కరు శాంతి నెల నెలా ఆ పిల్లకి ఎర్రటి ఐరన్ మాత్రలు అట్టలు అట్టలుగా తెచ్చిస్తుంది. "ఇవి ఏసుకుంటే దొడ్డికి నల్లగా వస్తాది, కంగారుపడకు. ఇనుము కదా. ఒక్కో మాత్తరా ఒక్కో గరిటెడు నెత్తురు పడతాది" అని గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళింది. ఉషకి ఆ మాత్రల వాసనకే వాంతులు. వేసుకుంటున్నానని చెప్పి, అట్టలకి అట్టలే బియ్యం డబ్బా వెనక దాచేసేది. చేపలు తోముతూ లక్ష్మణమ్మ శాంతి మాటలన్నీ విన్నది. అందులో గరిటెడు నెత్తురన్న ముక్కే పట్టుకుంది.

మర్నాటి నుంచి రోజుకి మూడు మాత్రలు చిమ్మిలితో పాటు రోట్లో నలిగాయి. కూతురికి పట్టాల్సిన నెత్తురు మొగుడికి పడుతోందని ఆమెకి తట్టకపోలేదు. ఆ పిల్ల ఎలాగూ మింగడం లేదు కదా అని సర్దుకుంది. అసిరయ్య పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నిమ్మకాయంత ఉండలు మారుమాట లేకుండా తినేవాడు. ఒక్కసారి మాత్రం, "నువ్వులు మాడిపోనాయేటే?" అన్నాడు. "మూకుడు పల్చన" అంది ఆమె, మొహం తిప్పుకుని.

రెండు నెలలు గడిచాయి. చూడటానికి మనిషి మళ్ళీ ఎర్రబడ్డాడు. లక్ష్మణమ్మ ధైర్యం తెచ్చుకుంది.

జూన్ నెలలో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టర్ ఝాన్సీ రిపోర్టు చూసి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది. పందొమ్మిది నుంచి పదహారుకి దిగిన పాయింట్లు తిరిగి పద్దెనిమిదిన్నరకి ఎక్కాయి.

"ఇదెలాగ? నాను తీస్తన్న కొద్దీ ఇది పెరుగుతన్నాదేటి? అసిరయ్యా, కడుపులో నొప్పేమైనా? మోషను ఏ రంగులో అవుతోంది?"

అసిరయ్య సిగ్గుపడుతూ, "నల్లగా అవుతన్నాదమ్మా. తారులాగ" అన్నాడు.

డాక్టరమ్మ మొహం మారింది. లక్ష్మణమ్మ మాటలు వినడం మానేసి ఆ మొహాన్నే చూస్తోంది. 

"ఆస్పిరిన్ మాత్ర కొంతమందికి కడుపులో పుండు చేస్తాది. పుండు నుంచి నెత్తురు కారితే మోషను నల్లగా వస్తాది. ముందు ఆ మాత్ర ఆపీ. సోమవారం కెమెరా గొట్టం ఏసి కడుపులో చూడాల. ఇంకో నెత్తురు పరీక్ష కూడా రాస్తన్నాను. అందాకా ఏటకెల్లకు. నీళ్ళు తాగు. ఇంట్లోనే ఉండు." కాగితం మీద గబగబా రాస్తూ తల ఎత్తింది. "ఇంకేవైనా మందులు వాడుతున్నారా? నాటు మందు, టానిక్కు, ఏదైనా?"

 చెప్పేయాల్సింది. ఇంతమంది రోగులు వింటుండగా, చదువుకున్న ఆ మనిషి చేత చీవాట్లు తినాలని భయమేసింది. అయినా చిమ్మిలి మందెలా అవుతుంది?

"ఏటీ లేదమ్మా" అంది లక్ష్మణమ్మ.

అసిరయ్య కూడా ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా తిప్పాడు.

బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ ఆమెకి ఒక్కటే వినిపించింది. లోపల నెత్తురు కారిపోతోంది. పైనుంచి డాక్టరమ్మ తీస్తోంది, లోపలినుంచి పుండు తీస్తోంది. ఇంక మనిషిలో ఏం మిగులుతుంది? ఆ రోజు నుంచి రోట్లో మూడు మాత్రలు కాదు, ఆరు పడ్డాయి. కంచే చేను మేయడమంటే ఇదే. కాకపోతే కంచెకి ఆ సంగతి తెలియదు.

చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టిన ఏట నిషేధం ఎత్తేసి వారమైంది. రెండు నెలలు పడవలు ఒడ్డున ఎండాక, మొదటి వారం దొరికే చేప మళ్ళీ దొరకదు. శనివారం తెల్లవారుతుండగా అప్పలసూరి వాకిట్లోకి వచ్చి, "తమ్ముడూ, మనిషి తక్కువైనాడు, వస్తావేటి?" అన్నాడు. లక్ష్మణమ్మ వద్దంది. డాక్టరమ్మ మాట గుర్తు చేసింది, బతిమాలింది, తిట్టింది. అసిరయ్య తువ్వాలు తలకి చుట్టుకుంటూ, "గొట్టం సోమారం కదే. ఇయ్యేల శనివారం" అన్నాడు. నీళ్ళ క్యాను చేతికిచ్చి, తాగుతూ ఉండమంది. మర్చిపోకుండా చిమ్మిలుండ కూడా పెట్టింది.

తొమ్మిదిన్నరకి ఫోను మోగింది. సముద్రం మీద ఒడ్డుకి దగ్గరగా వచ్చాక గాని సిగ్నలు తగలదు.

"లచ్చమ్మా, నువ్వు కంగారుపడకు" అన్నాడు అప్పలసూరి. కంగారుపడకని మొదలెట్టే ఫోను ఎవరి కొంప ముంచకుండా ఊరుకుంది? "తమ్ముడు వల తాడు లాగుతా లాగుతా వదిలీసినాడు. సెయ్యి ఆడట్లేదు. నూట ఎనిమిదికి ఫోను సెయ్యి. బేగి."

ఆమె ఒడ్డుకి పరుగెత్తేసరికి పడవ అలల్లో ఊగుతోంది. నలుగురు మోసుకొచ్చారు. కుడి చెయ్యి తడి గుడ్డలా వేలాడుతోంది. నోరు ఎడమ పక్కకి లాగేసి ఉంది. క్యానులో నీళ్ళు సగానికి పైగా అలాగే ఉన్నాయి. "మావా" అని పిలిచింది. అతను ఆమె మొహంలోకి చూశాడు. గుర్తుపట్టాడు. ఏదో చెప్పబోయాడు. గొంతులోంచి మూలుగు తప్ప మాట రాలేదు.  ముప్పై ఏళ్ళుగా విన్న గొంతు ఒక్క పూటలో లేకుండా పోవడమేమిటి?

అంబులెన్సు శ్రీకాకుళంలో ఒక పెద్ద ఆసుపత్రిలో దింపింది. స్ట్రెచర్ని తోసుకుంటూ వెళ్ళిపోయారు. తల స్కానింగ్ తీశారు. వరండాలో బల్ల మీద ఉష పొట్ట పట్టుకుని కూర్చుని ఏడుస్తోంది. అప్పలసూరి ఉప్పునీళ్ళ బట్టలతోనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అత్యవసర విభాగం డాక్టరు వినోద్ బయటికి వచ్చాడు. చిన్నవాడు, ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో ఉష ఇంటినుంచి తెచ్చిన ఝాన్సీ గారి ఫైలు ఉంది.

"ఎన్నింటికి జరిగింది?"

"ఎనిమిదీ నలభై. నాను గడియారం సూసినాను" అన్నాడు అప్పలసూరి.

"మెదడు నరంలో గడ్డ అడ్డం పడింది. గడ్డని కరిగించే ఇంజక్షను ఉంది. నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. అంటే ఒంటిగంటా పది దాకా. ఎంత ముందిస్తే అంత మంచిది."

"మరిచ్చీండి బాబూ!"

వినోద్ ఫైలు తెరిచాడు. "ఇక్కడ మోషను నల్లగా అవుతోందనీ, కడుపులో రక్తం కారుతున్నట్టు అనుమానమనీ రాశారు. నాలుగు రోజుల క్రితమే. కడుపులో పుండుండగా ఈ ఇంజక్షనిస్తే రక్తం ఆగదు. టేబులు మీదే పోతాడు. ఝాన్సీ మేడంతో ఇప్పుడే మాట్లాడాను. ఆవిడా కచ్చితంగా చెప్పలేకపోతున్నారు."

"ఇవ్వకపోతే?" అంది ఉష.

"ప్రాణం నిలవచ్చు. మాట, కుడి చెయ్యి తిరిగి రావడం చాలా కష్టం. పన్నెండింటి దాకా ఆలోచిస్తాం. మీరూ ఆలోచించుకోండి."

గోడ గడియారంలో పదకొండూ ఇరవై అయింది.

నల్లగా. ఆ మాట లక్ష్మణమ్మ బుర్రలో ఎక్కడో తగిలింది. నల్లగా వస్తాది, కంగారుపడకు, ఇనుము కదా. ఎవరన్నారు? శాంతి అంది. గుమ్మంలో నిలబడి ఉషతో అంది. తను కింద కూర్చుని చేపలు తోముతోంది.

ఆమెకి అంతా ఒక్కసారే అర్థమైంది. పుండు లేదు. ఎన్నడూ లేదు. ఆ నలుపు తన రోట్లోంచి వచ్చింది. ఆ నలుపు చూసి డాక్టరమ్మ ఆస్పిరిన్ మాన్పించింది. పాయింట్లు పెరిగిందీ తన చేతి మీదుగానే. ఇప్పుడు అదే నలుపు ఇంజక్షనికి అడ్డం వచ్చి కూర్చుంది.  

చెప్పాలి. చెబితే? అప్పలసూరి ఇక్కడే ఉన్నాడు. సాయంత్రానికి పేటంతా తెలుస్తుంది. లక్ష్మణమ్మ మొగుడికి మాత్రలు కలిపి పెట్టిందట అంటారు. బలానికి పెట్టిందని ఎవడంటాడు? మందు పెట్టిందంటారు. బతికినంతకాలం ఆ పేరు పోదు. కూతురు ఏమనుకుంటుంది? పుట్టబోయే బిడ్డకి ఏం చెబుతుంది? చెప్పకపోతే మాత్రం, మనిషి ప్రాణంతో ఉంటాడని డాక్టరే అన్నాడు కదా. మంచంలో ఉంటాడు. తను చూసుకుంటుంది, తినిపిస్తుంది, కడుగుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. మాట రానివాడు అతను కూడా ఏమీ అడగడు.

ఆ ఆఖరి ఆలోచన వచ్చినందుకు తనంటే తనకే అసహ్యమేసింది. మింగలేదు, కక్కలేదు. గడియారంలో ముల్లు ముప్పై దాటింది. ముప్పై ఐదు దాటింది. లోపల్నుంచి అసిరయ్య మూలుగు ఒకసారి వినిపించి ఆగిపోయింది.

ఆ మూలుగు ఆగిపోవడం ఆమె భరించలేకపోయింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. నర్సు అడ్డొచ్చినా ఆగలేదు. వెనకనే అప్పలసూరి, ఉష కూడా వచ్చారు.

"బాబూ, అది నెత్తురు కాదు. ఇనుము."

వినోద్ తిరిగి చూశాడు.

"కడుపుతో ఉన్నోల్లకి ఇచ్చే ఎర్ర మాత్తర్లు. మా గుంటకిచ్చినవి. నానే నూరి చిమ్మిలిలో కలిపి పెట్టినాను. నెత్తురు తీసేత్తన్నారు, మనిషి ఏటైపోతాడోనని బయమేసి పెట్టినాను. డాక్టరమ్మ అడిగితే లేదని అబద్దమాడినాను. ఆయనకి పుండు లేదు బాబూ. ఆ ఇంజక్షనిచ్చీండి. నీ కాల్లు పట్టుకుంటాను."

"రోజుకి ఎన్ని?"

"మూడు. ఈ నాలుగు రోజులూ ఆరు."

"ఎన్నాళ్ళుగా?"

"రెండు నెల్లు."

ఆ కుర్ర డాక్టరు తిట్టలేదు. ఫైల్లో పాయింట్ల వరస మీద వేలు పెట్టి ఒకసారి పైనుంచి కిందకి చూశాడు. "అందుకా పెరిగింది" అన్నాడు తనలో తాను. "నెత్తురు తీసేదే ఇనుము తగ్గించడానికమ్మా. ఇనుము లేకపోతే మూలుగ కొత్త కణాల్ని పుట్టించలేదు. మేడం మూసిన తలుపు నువ్వు వెనక నుంచి తీశావు." ఆ మాట అని అక్కడ ఆగలేదు. చేతి తొడుగు వేసుకుంటూ, మోషన్లో నెత్తురుందో లేదో తేల్చే పరీక్ష తెమ్మని కేకేసి, తెర లాగేశాడు.

తెర బయట అప్పలసూరి ఆమె వైపు చూశాడు. కొడతాడనుకుంది. కొట్టినా బాగుండును. "ఎంత పని సేసినావే" అన్నాడు నెమ్మదిగా, అని వరండాలోకి వెళ్ళిపోయాడు. ఉష కదల్లేదు. బియ్యం డబ్బా వెనక మాత్రలు ఎందుకు తగ్గుతున్నాయో ఆ పిల్లకి ఇప్పుడర్థమైంది. తల్లి మొహంలోకి చూడలేదు. గాని పక్కనుంచి పోలేదు.

పరీక్షలో నెత్తురు లేదు. పన్నెండూ పదికి ఇంజక్షను ఎక్కడం మొదలైంది.

అంతటితో భయం పోయిందనుకుంటే పొరపాటు. ఈ ఇంజక్షను ఒక్కోసారి మెదడులోనే నెత్తురు కారేలా చేస్తుందనీ, ఒక రోజు గడిస్తే గాని ఏమీ చెప్పలేమనీ వినోద్ ముందే చెప్పాడు. లక్ష్మణమ్మ ఆ రోజంతా అద్దం తలుపు బయట నిలబడింది. నర్సు గబగబా నడిస్తే గుండె జారేది. నెమ్మదిగా నడిస్తే అయిపోయిందేమోనని మళ్ళీ జారేది. డాక్టర్ ఝాన్సీ చూడటానికి వచ్చింది. లక్ష్మణమ్మ తల దించుకుంది.  డాక్టరమ్మ, "నాను ఇంకోసారి అడగాల్సింది. నాకూ తప్పుంది" అని లోపలికి వెళ్ళింది. చీవాట్లకి సిద్ధపడ్డ మనిషికి అది మరీ కష్టమనిపించింది.

ఆదివారం అసిరయ్య కుడి చేతి వేళ్ళు కదిలాయి. సోమవారం పొద్దున మంచం పక్కన కూర్చోనిచ్చారు. ఉష ఇడ్లీ తేవడానికి కిందకి వెళ్ళింది. నోరు ఇంకా కొంచెం వంకరగానే ఉంది. లక్ష్మణమ్మ తడి గుడ్డతో ఆ మూల తుడిచింది. ఊళ్ళో వాళ్ళకి చెప్పడమొక ఎత్తు, ఇతనికి చెప్పడమొక ఎత్తు. అయినా ఇంకొకరి నోట వినేకన్నా తన నోట వినడమే న్యాయం.

"మావా, నీకిలాగవడానికి నానే కారణం. సిమ్మిలిలో..."

అతను ఎడమ చెయ్యి ఎత్తి ఆపాడు. పెదాలు కూడదీసుకున్నాడు. చాలాసేపు పట్టింది.

"తె... తెల్సు."

"ఏటి తెల్సు?"

"మా... మాత్తర్లు." మళ్ళీ ఊపిరి పీల్చుకున్నాడు. "నువ్వు... అట్టలు... పెంటకుప్పలో... ఏత్తంటే... సూసినాను."

 తనకొక్కదానికే తెలుసనుకున్న పాపాన్ని ఈ మనిషి రెండు నెలలుగా రోజూ రెండు పూటలా తెలిసి తిన్నాడా? డాక్టరమ్మ ఎదురుగా తలడ్డంగా తిప్పింది తెలిసే తిప్పాడా?

"తెలిస్తే ఎందుకు తిన్నావు? డాక్టరమ్మ అడిగితే సెప్పకూడదేటి?" గొంతు పెరిగింది. పక్క మంచం వాళ్ళు చూశారు.

అసిరయ్య సూది గుచ్చిన ఎడమ మోచేతి వంక చూసుకున్నాడు. కళ్ళు తడయ్యాయి.

"బయం" అన్నాడు. "నెత్తురు... తీత్తంటే... సచ్చిపోతానని... బయం."

తుపాను గాలుల్లో రెండు రాత్రులు తెప్ప పట్టుకుని తేలి ఒడ్డుకొచ్చిన మనిషి. అప్పుడు కూడా, ఆకలేస్తోంది అన్నాడే గాని ఇంకో మాట అనలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈ మాట అతని నోట ఆమె వినడం ఇదే మొదలు. ఒకే గుడిసెలో, ఒకే చాప మీద ఇద్దరూ ఒకే భయంతో పడుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు దాన్ని మింగుతూ వచ్చారన్నమాట. ఆమెకి కోపం రావాలి. రాలేదు. అతని తల గుండెకి ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తలుపు తోసుకుని నర్సు వచ్చింది. చేతిలో ఖాళీ సంచి, గొట్టం, లావు సూది ఉన్నాయి. పాయింట్లు ఇంకా ఎక్కువే ఉన్నాయనీ, ఝాన్సీ మేడం ఈ పూట ఒక సంచి తీయమన్నారనీ చెప్పింది.

అసిరయ్య ఎడమ చెయ్యి చాపాడు.  లక్ష్మణమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. 

"ఒక్క నిమసం ఆగమ్మా" అంది నర్సుతో. "మా ఇద్దరికీ బయంగా ఉన్నాది."